మిల్లీమీటరున్నర కోపం

నుంజియా లమన్నా షాపు తలుపుని భుజంతో గుద్దాను. తెరుచుకోలేదు. మళ్ళీ గుద్దాను.

"లాగాలి," అని లోపలి నుంచి ఆడగొంతు వినబడింది.

లాగాను. తెరుచుకుంది. బ్రూక్లిన్ నుంచి వంతెన దాటి స్టాటెన్ ఐలండ్ దాకా మోసుకొచ్చిన కోపానికి భుజం నొప్పి కూడా తోడైంది. చేతిలో గిటార్ పెట్టె. నెత్తి మీంచి కారుతున్న వాన.

ఆవిడ బల్ల వెనక కూర్చుని, వేయించిన మిరపకాయలూ గుడ్డూ పెట్టిన శాండ్‌విచ్ తింటోంది. నలభై నాలుగేళ్ళుంటాయేమో. జుట్టు పైకి చుట్టి అందులో పెన్సిల్ గుచ్చింది. ముక్కు మీద చెక్కపొడి. నన్ను చూసి లేవలేదు.

"నుంజియా లమన్నా ఎవరు?" అన్నాను.

"బోర్డు మీద ఎవరి పేరుందో వాళ్ళే."

"ఈ గిటార్ కడుపు కోసింది నువ్వేనా?"

పెట్టె తెరిచి బల్ల మీద పెట్టాను. ఆవిడ శాండ్‌విచ్‌ని కాగితంలో చుట్టి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని నవ్వింది. నన్ను చూసి కాదు, గిటార్‌ని చూసి.

"లూషస్ గారిది. అయితే మీరు పెత్రిల్లో అన్నమాట. నేను మీరంటున్నాను, మీరు నువ్వంటున్నారు. పోనీలెండి, కోపంలో ఉన్నారు. కాఫీ తాగుతారా?"

"తాగను."

"పోసేశాను."

నేను చేసేది ఆర్చ్‌టాప్ గిటార్లు. పైపలక ఫిడేలు మాదిరి ఉబ్బెత్తుగా ఉంటుంది. వంచి చేసేది కాదు. మందమైన స్ప్రూస్ చెక్కని బయటా లోపలా ఉలితో, చిత్రికతో తొలుచుకుంటూ రావాలి. పదిహేనేళ్ళకి బడి మానేసి మా మేనమామ రఫేలె దగ్గర ఈ పని నేర్చుకున్నాను. ఏడాదికి నాలుగు చేస్తాను. ఫ్యాక్టరీవాళ్ళు మధ్యాహ్నం భోజనం లోపు నాలుగు చేస్తారు, అందుకే వాటి గొంతు పస్తున్నవాడి గొంతులా ఉంటుంది.

గిటార్ మూసేముందు చేసినవాడు లోపల పెన్సిల్‌తో పేరూ తేదీ రాస్తాడు. తరవాత ఎవరు తెరిచినా ఆ కిందే వాళ్ళ పేరూ రాయాలి. ఇది ఎక్కడా అచ్చు వెయ్యని చట్టం. తెరిచి, రాయకుండా మూసేసేవాడిని మేము మనిషిగా లెక్కపెట్టం. అంతకుముందు ఆదివారం న్యూవార్క్‌లో లూషస్ టాలివర్ గారు వాయిస్తుంటే విన్నాను. గిటార్ నాదే. గొంతు నాది కాదు. పాట అయ్యీ అవకముందే ఆయన ఒళ్ళోంచి గిటార్ లాక్కుని, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం లోపలికి దూర్చి చూశాను. నా పేరు కింద గుండ్రంగా, నీటుగా ఇంకో పేరు కనబడింది.

"ఎందుకు తెరిచావు?" అన్నాను ఆవిడతో.

"లోపల పలకకి దన్నుగా అంటించిన బద్ద ఊడి గరగరమనేది, అందుకని. తెరిచాక పలక మందం కొలిచాను. నడుమ ఎనిమిది మిల్లీమీటర్లు. మీరు గిటార్ చేశారా, బల్ల చేశారా?"

"గట్టిగా ఉండాలని చేశాను."

"గట్టిగానే ఉంది. దాని మీద పిజ్జా పిండి పిసకొచ్చు. ఆరున్నరకి దించాను. అంతే, మిల్లీమీటరున్నర. తరవాత విన్నారా?"

"విన్నాను."

"ఎలా ఉంది?"

నేను కాఫీ కప్పు వంక చూశాను.

"బాగుంది అనడానికి అంత కష్టమా?"

"కష్టమే," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. అంత అవమానంలోనూ ఆ నవ్వు నా చెవికి తప్పు దొరకని శబ్దంలా తగిలింది. దాంతో కోపం ఇంకా పెరిగింది. గిటార్ పెట్టెలో పడేసి, విసురుగా వెళ్ళి తలుపు లాగాను.

"ఇప్పుడు తొయ్యాలి," అంది వెనక నుంచి.

మర్నాడు లూషస్ గారు ఫోన్ చేశారు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. జాజ్ వాయించడం తప్ప ఇంకో పని చేసి ఎరగరు. నా గిటార్లు కొన్నవాళ్ళలో ఇరవై ఏళ్ళుగా నన్ను వదలకుండా ఉన్నది ఆయనొక్కడే. మిగిలినవాళ్ళు కొన్నారు, రెండేళ్ళు వాయించారు, అమ్మేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. పోయినవాళ్ళని తిట్టుకున్నాను, అంతే.

"అబ్బాయ్," అన్నారు. నాకు నలభై ఏడు. "ఆవిడని ఏమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే, మీ మనిషి నా తలుపుతో కుస్తీ పట్టి ఓడిపోయాడని ఆవిడ నాకెందుకు చెబుతుంది?"

"నా గిటార్ నాతో చెప్పకుండా ఆవిడకెందుకిచ్చారు?"

"నీకిస్తే ఆ గరగర నా చెవుల్లో ఉందనేవాడివి. కిందటిసారి అదే అన్నావు."

నిజమే. అన్నాను.

"విను. నాకోసం చేస్తున్న కొత్త గిటార్ నీ బల్ల మీద ఉంది కదా. ఏప్రిల్లో రికార్డింగ్‌కి దాంతోనే వెళదామనుకుంటున్నాను. ఆ తరవాత ఇంకో రికార్డింగ్ దాకా ఈ వేళ్ళు ఉంటాయన్న నమ్మకం నాకు లేదు. పలకని మూసేముందు ఆవిడకి చూపించు. ఆవిడ చాలు అంటేనే మూయి."

"చూపించకపోతే?"

"అది నువ్వే ఉంచుకో. ఆవిడ చేత చేయించుకుంటాను. నీ మీద కోపంతో కాదురా. నాకు టైము లేదు."

కోపంతో అన్నా బాగుండేది. కోపమైతే నాకు అర్థమవుతుంది.

వానపడే రోజున మేము జిగురు ముట్టుకోం. గాలిలో తడికి చెక్క ఉబ్బుతుంది. ఉబ్బిన చెక్కని నమ్మి దాని మీద ఏదీ అంటించకూడదు. అందుకని వాన వస్తే గిటార్ చేసేవాళ్ళకి సెలవు. ఆ నవంబరంతా వానే.

మొదటి వానకి పలకని దుప్పట్లో చుట్టుకుని వెళ్ళాను. ఆవిడ దాన్ని అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని గాలిలో వేలాడదీసి, వేలి కణుపుతో తట్టింది. కళ్ళు మూసుకుని వింది. కనురెప్పల మీద కూడా చెక్కపొడి. నేను వెళ్ళింది అది చూడ్డానికి కాదు. అయినా చూశాను.

"తలుపు తట్టినట్టుంది," అంది.

"అంటే?"

"ఎవరూ లేని ఇంటి తలుపు. ఎనిమిదేనా?"

"ఎనిమిదే."

"దించండి."

"దించను."

"అయితే మళ్ళీ వానకి రండి."

మళ్ళీ వానకి వెళ్ళాను. మళ్ళీ తట్టింది, మళ్ళీ పోట్లాడుకున్నాం. నేను ఆవిడని కసాయిదన్నాను. ఆవిడ నన్ను బల్లల మేస్త్రీ అంది. ఆవిడ షాపుకి వచ్చిన ఒకాయన నన్ను చూసి, "గిటార్లు బాగుచేసేది మీరేనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ, "ఆయన కాదండీ, ఆయన తలుపులు పాడుచేస్తారు," అంది.

ఆ మనిషి వెళ్ళాక, "ఇలా రోజూ అడుగుతారా?" అన్నాను.

"రోజూ. మా నాన్న ఫిడేళ్ళు బాగుచేసేవాడు. నలుగురు అన్నదమ్ములున్నా చేతికి ఉలి ఇమిడింది నాకొక్కదానికే. అయినా వచ్చినవాడల్లా మేస్త్రీ ఏడీ అంటాడు. మొగుడొకడుండేవాడు, వాడైతే ఇంటికొచ్చి కూడా అదే అడిగేవాడు. ఇప్పుడు ఫ్లోరిడాలో ఎండలో ఉన్నాడు." ఆవిడ నా చొక్కా వంక చూసింది. "మీకు ఇస్త్రీ ఎవరు చేస్తారు?"

"మా అమ్మ."

"ఆ కాలర్ చూస్తే ఆవిడకీ మీ మీద కోపంలాగే ఉంది."

మూడో వానకి బేకరీ పొట్లం పట్టుకెళ్ళాను.

"ఇదెందుకు?"

"మా వీధిలో మిగిలిపోయాయి."

"పొద్దున్న తొమ్మిదింటికే?"

ఆవిడ పొట్లం విప్పి రెండు తినేసి, మూడోది నా ముందుకి తోసింది. అప్పుడు చూసిన చూపు పలకని చూసే చూపే. ఎక్కడ ఎంత మందముందో కొలుస్తున్నట్టు. నేను కిటికీలోంచి వానని చూశాను.

నాలుగో వానకి అసలు గొడవ జరిగింది.

"డిసెంబరు వచ్చేస్తోంది," అంది. "వార్నిష్ ఆరడానికి రెండు నెలలు కావాలి. ఇప్పుడు మూయకపోతే లూషస్ గారికి ఏప్రిల్‌కి గిటార్ లేదు. మీరెందుకింత మొండికేస్తున్నారు?"

"పలచన చేస్తే ఏమవుతుందో నేను చూశాను కాబట్టి. మా మామయ్య పలచన చేశాడు."

చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, జనవరిలో, నిండుగా జనమున్న హాల్లో, రఫేలె మామయ్య చేసిన గిటార్ వాయిస్తున్నవాడి చేతుల్లోనే ఫట్‌మని, పైపలక పాత టోపీలా లోపలికి కూర్చుండిపోయింది. రఫేలెకి లెక్క తప్పింది, చెక్కని కాగితం చేశాడు అని బ్రూక్లిన్ అంతా చెప్పుకున్నారు. ఏడాదిలో షాపు మూశాడు. తలుపులు చేసే ఫ్యాక్టరీలో చేరి, రెండేళ్ళకి పోయాడు. అంత గొప్ప చెయ్యి ఒక్క పలక దగ్గర అంత తప్పు చేసినందుకు నేను ఆయన్ని క్షమించలేదు. అప్పటినుంచి ఏ పలకనీ ఎనిమిదికి తక్కువ చెయ్యలేదు.

నుంజియా నవ్వలేదు.

"ఆ పలక మందం ఎంత?"

"నాలుగో, నాలుగున్నరో."

"మీరు కొలిచారా?"

"అందరికీ తెలుసు."

"మీరు కొలిచారా అని అడిగాను."

ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి, వీపు తీసేసిన ఒక పాత గిటార్ తెచ్చి బోర్లించి పెట్టింది. పలక మధ్యలో గుంట. పక్కల మేపుల్ చెక్కకి పూసిన మామయ్య రంగుని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

"వాయించినాయన కూతురు నాలుగేళ్ళ కిందట తెచ్చిచ్చింది. కొలవండి."

మందం కొలిచే పరికరం నా చేతికిచ్చింది. కొలిచాను. నడుమ ఆరున్నర. కిందకి పోయేకొద్దీ సన్నగా, నూలు వడికినట్టు, అంచు దగ్గర మూడున్నర. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. అంత శుభ్రమైన చెక్కుడు నేను ఇంతవరకూ చెయ్యలేదు, ఇకమీదా చెయ్యలేను.

"మరి ఎందుకు కూర్చుంది?" అన్నాను.

"బద్దలు తడిరోజున అంటించారు. పలక ఉబ్బి ఉంది. చలికాలం హీటర్ల వేడికి పలక అడ్డంగా కుంచించుకుంది. బద్దలు దాన్ని కదలనివ్వలేదు. ఆ లాగుడికి పగిలి దిగిపోయింది. చెక్కినవాడి తప్పు కాదు, అంటించినవాడిది."

దీపం దగ్గరికి జరిపింది. బద్ద అంటించినవాడు పక్కన తన పేరు మొదటి అక్షరం, తేదీ వేస్తాడు. అక్కడ వంకర ఎస్ ఒకటి ఉంది. ఆగస్టు తొమ్మిది.

సబాతినో. నేను.

మామయ్య మేపుల్ చెక్క కొనడానికి ఫిలడెల్ఫియా వెళ్ళాడు. వాన తగ్గేదాకా బద్దలు ముట్టకు అని చెప్పి మరీ వెళ్ళాడు. నాకు పందొమ్మిదేళ్ళు. మర్నాడు ఒక పిల్లతో కోనీ ఐలండ్ బీచ్‌కి వెళ్ళాలి. పని మిగిలితే సెలవివ్వడని ఆ పూటే అంటించేశాను. ఆ పిల్ల పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు.

"ఇది నీకు ముందే తెలుసా?" అన్నాను.

"లూషస్ గారి గిటార్లో మీ ఎస్ చూసినప్పుడే అనుమానం వచ్చింది. ఆ వంకర మారలేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"తలుపు లాగడం రాని మనిషికి వచ్చీరాగానే ఇది చెప్పమంటారా?"

"జాలిపడ్డావన్నమాట."

ఆవిడ పరికరాన్ని బల్ల మీద టక్కున పెట్టింది. అంతవరకూ ఆవిడకి కోపం రావడం నేను చూడలేదు.

"జాలా? నీ మీదా? నెల రోజులుగా నా షాపులో కూర్చుని, నా కాఫీ తాగుతూ, నన్ను కసాయిదాన్నంటున్నావు. ఇంత గొప్ప పనివాడి పేరు ఇరవై ఎనిమిదేళ్ళుగా బురదలో ఉంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కొలిచి చూడలేదు. నాకు ఒళ్ళు మండుతోంది. జాలి ఇంకెవరి మీదైనా ఉంటే చెబుతాలే."

నేను తెచ్చిన కొత్త పలకని అక్కడే వదిలేసి బయటికొచ్చాను. ఆమె వెంటనే గుమ్మం దాకా వచ్చి దుప్పటితో సహా నా చేతిలో పెట్టింది. "నీ పలక నీ దగ్గరే ఉండనీ," అని తలుపేసుకుంది.

ఇంటికెళ్ళేసరికి మా అమ్మ ఆదివారాలు వండే సాస్ కలుపుతోంది. పొద్దుటినుంచి ఉడుకుతున్న టమాటా వాసన మేడ మెట్ల దాకా వచ్చింది.

"మామయ్యకి తెలుసా?" అన్నాను కోటు విప్పకుండానే.

"ఏది?"

"బద్దలు."

గరిటె ఆగింది. మళ్ళీ కదిలింది.

"పలక కూర్చున్న మర్నాడే వెళ్ళి అద్దం పెట్టి చూసొచ్చాడు. తెలియకుండా ఎలా ఉంటుందిరా. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. వాడికింకా పందొమ్మిది, ఈ పేరు వాడికొస్తే ఇంకెవడూ వాడిచేత పని చేయించుకోడు, నా మీదే పడనీ అన్నాడు. నాచేత ఒట్టు వేయించుకున్నాడు."

"నీ ముందే కదమ్మా నేను ఆయన్ని తిట్టింది. ప్రతి క్రిస్మస్‌కీ తిట్టాను."

"తిట్టావు."

"ఒక్కమాట చెప్పకూడదూ?"

"మా అన్నకి ఒట్టేశాను. నీకు వెయ్యలేదు." కంచంలో వడ్డించింది. "నువ్వు ఆయన్ని తిట్టినప్పుడల్లా నాకు నిన్ను ఈ గరిటెతో కొట్టాలనిపించేది. చల్లారిపోతుంది, తిను."

తినలేదు. కింద షాపులోకి పోయి కూర్చున్నాను. మామయ్య మీద కోపం, చెప్పనందుకు. అమ్మ మీద కోపం, దాచినందుకు. నుంజియా మీద కోపం, చెప్పినందుకు. ఇన్ని కోపాలనీ ఎవరి మీద పెట్టినా నిలవడం లేదు, జారి నా మీదకే వస్తున్నాయి.

రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. మూడో వారం వాన పడింది. మెట్ల మీద మా అమ్మ గొంతు వినబడింది.

"మా వాడి తలుపు తొయ్యాలమ్మా. మీ తలుపులా కాదు."

నుంజియా గొడుగు ముడుస్తూ లోపలికొచ్చింది. జుట్టులో పెన్సిల్ ఉంది, ముక్కు మీద పొడి లేదు. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. నాకోసమే కడుక్కుందా అని ఒక వెర్రి ఆలోచన వచ్చి, దాన్ని తిట్టి పంపించాను.

"పలకేది?"

"లూషస్ గారితో చెప్పు, నువ్వే చేసిపెడతావని."

"పలకేది అంటుంటే."

"నా వల్ల కాదు. చెయ్యి వణుకుతోంది."

"చూపించు." నా చెయ్యి పట్టుకుని దీపం కింద తిప్పి చూసింది. కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపే చూసింది. "వణకడం లేదే."

"లోపల."

"లోపల అందరికీ వణుకుతుంది. నాకు ప్రతి గిటార్‌కీ వణుకుతుంది. మా నాన్నకి పోయేదాకా వణికింది. నీకొక్కడికే అనుకున్నావా, పెద్ద." పలకని తనే వెతికి బల్ల మీద బోర్లించింది. "నేను గీకితే ఒక్క పూట పని. కానీ గీకను. ముసలాయనకి నీ గిటార్ కావాలి, నాది కాదు. నాది కావాలంటే ఆయన మొదటే నన్నడిగేవాడు. ఆ చిత్రిక తియ్యి."

బొటనవేలంత చిత్రిక. మామయ్యది. తీశాను.

మొదటి పొర లేచింది. సన్నగా చుట్టుకుని నేల మీద పడింది. ఆమె పలకనెత్తి తట్టబోయింది. సరిగ్గా అప్పుడే మా వీధి నెత్తి మీదున్న రైలు వంతెన మీంచి రైలు వెళ్ళింది. గోడలూ, డబ్బాల్లో మేకులూ, ఆమె చెవుల రింగులూ అన్నీ అదిరాయి. రైలు పోయేదాకా ఒకరి మొహం ఒకరు చూస్తూ నిలబడ్డాం. చూడ్డానికి ఇంకేమీ లేదు మరి.

రైలు పోయింది. తట్టింది.

"ఇంకా," అంది.

ఏడున్నర. "ఇంకా." ఏడు. చిత్రిక ఆపాను. "నుంజియా, ఇది కూర్చుంటే?"

"కూర్చోదు."

"కూర్చుంటే?"

"కూర్చుంటే లూషస్ గారి ముందు నేను నిలబడతాను. నీ వెనక కాదు, పక్కన. గీకు."

ఆరున్నర దగ్గర ఆమె మళ్ళీ తట్టింది. ఈసారి చెక్క జవాబు చెప్పింది. గంట మోగినట్టు కాదు. పక్కగదిలో మనకి తెలిసిన మనిషి గొంతు సవరించుకున్నట్టు. ఆ గొంతు నేను పదిహేనేళ్ళప్పుడు, మామయ్య నుంచి వచ్చిన ఇదే బల్ల దగ్గర విన్నాను. తరవాత మళ్ళీ వినకుండా నాకు నేనే ఎనిమిది మిల్లీమీటర్ల గోడ కట్టుకున్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"చాలు."

"చాలా?"

"చాలంటే చాలు. మళ్ళీ మొదలుపెట్టకు."

బద్దలు ఆ రోజు అంటించలేదు. ఎండ వచ్చేదాకా, ఆ తరవాత ఇంకో మూడు రోజులు ఆగాను. జనవరిలో గిటార్లు చేసేవాళ్ళందరూ ఒకచోట కలిసినప్పుడు లేచి నిలబడి, రఫేలె పలక తప్పు కాదు, బద్దలు అంటించింది నేను, వానలో అంటించాను అని చెప్పాను. కొందరు తల దించుకున్నారు. ఒకడు నవ్వాడు. వాడి సంగతి నుంజియా చూసుకుంది. ఏమందో నాకు తెలీదు కానీ, వాడు భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయాడు.

మార్చి ఆఖరున గిటార్ తీసుకుని ఇద్దరం న్యూవార్క్ వెళ్ళాం. లూషస్ గారు కిటికీ దగ్గర కూర్చుని తీగలు సరిచేసుకుని వాయించారు. మొదట మెల్లగా, తరవాత మమ్మల్ని మరిచిపోయి. ఆయన మనవరాలు పెట్టిన టీ మూడు కప్పుల్లోనూ చల్లారిపోయింది.

ఆపి, గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పెదవి విరిచారు.

"బాగుంది. కానీ లావు తీగ కొంచెం బద్ధకిస్తోంది. ఆ మూల ఇంకో పిసరు దించి ఉంటే..."

నేను నోరు తెరిచాను. ఇలాంటప్పుడు నా నోట్లోంచి ఏం వస్తుందో నాకు తెలుసు. అది రాకముందే పక్కనుంచి నుంజియా లేచింది.

"పిసరా? ఏ పిసరు? ఆ పలకలో ఎక్కడా పిసరంత మిగులు లేదు. ఒక్కో పొర తీస్తుంటే ఆయన ప్రాణం తీస్తున్నట్టుంది, నేను పక్కనుండి చూశాను. కొత్త చెక్క, నెలరోజులు వాయించండి, అదే నోరు తెరుస్తుంది. బద్ధకించింది తీగ కాదు, మీ బొటనవేలు. ఇంత పని చేసి తెచ్చినవాడితో మొదటిమాట ఇదా? మీరు పెద్దవారని ఊరుకుంటున్నాను."

"నువ్వు ఊరుకున్నావా తల్లీ ఇప్పుడు?" అన్నారు లూషస్ గారు.

"ఊరుకున్నాను."

ఆయన మళ్ళీ వాయించారు. బొటనవేలు కొంచెం గట్టిగా వేశారు. లావు తీగ లేచింది. నా వంక చూసి, చెయ్యి చాపి, "పెట్టె ఇలా తీసుకురా అబ్బాయ్. దీన్ని నేనెవరికీ ఇవ్వను," అన్నారు.

మెట్లు దిగి వీధిలోకొచ్చాం. నుంజియా ఇంకా గొణుగుతూనే ఉంది. "పిసరట. అరవై ఏళ్ళుగా వాయిస్తూ పిసరంటే ఏమిటో తెలీదు."

నేను ఆగిపోయాను. ఇన్నేళ్ళలో నేను ఎవరెవరి మీదో కోప్పడ్డాను. నాకోసం ఎవరూ కోప్పడలేదు. ఇంకొకరి నోటినుంచి అది వినడం ఎంత హాయిగా ఉంటుందో నాకిప్పటిదాకా తెలీదు. వెతికి చూసుకుంటే నా లోపల కోపం ఆనవాలు కూడా లేదు. అదొక వింత ఖాళీ. దాన్ని ఏంచెయ్యాలో తెలీక, అలవాటైన గొంతుతోనే మొదలుపెట్టాను.

"నుంజియా."

"ఏంటి?"

"నువ్వంటే నాకిష్టం."

"అరుస్తావేం?"

"అరవడం లేదు."

"అరుస్తున్నావు. ఆ బస్‌స్టాప్‌లో పెద్దావిడ ఇటే చూస్తోంది. ఇలాంటి మాట కూడా పోట్లాటలాగే చెప్పాలా?"

"నాకు ఇంకోలా రాదు. కావాలంటే విను, లేకపోతే లేదు. నువ్వంటే నాకిష్టం. వానొచ్చినా ఇష్టం, ఎండొచ్చినా ఇష్టం. మా అమ్మ నాకన్నా ముందే కనిపెట్టింది, అదింకో కోపం."

నుంజియా జుట్టులో పెన్సిల్ తీసి మళ్ళీ గుచ్చుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు మాత్రం తెలీదనుకున్నావా? బేకరీ పొట్లంనాడే తెలుసు. నువ్వు చెప్పేదాకా నేను అనకూడదని కూర్చున్నాను. నాలుగు నెలలు. నాలుగు నెలలంటే తెలుసా నీకు? ఒక గిటార్ అయిపోతుంది. నువ్వన్నా నాకిష్టమే, చాలా, చాలా కాలంగా, మొద్దు మనిషీ."

ఇప్పుడు అరిచింది ఆమె.

బస్‌స్టాప్‌లో పెద్దావిడ కూరగాయల సంచీ ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"వినబడిందమ్మా," అంది. "ఈ వీధిలో అందరికీ వినబడింది. ఇంక పోట్లాడింది చాలు, ఇంటికి పోయి ఏమన్నా తినండి."